మెథడోన్ మొదటి నెల: కౌంటర్ దగ్గర నిజంగా ఏం జరుగుతుందంటే (నా అనుభవం)

మెథడోన్ అంటే హెరాయిన్ లాంటి మత్తుమందుల అలవాటుకి చికిత్సగా క్లినిక్ కౌంటర్ దగ్గర రోజూ తాగించే మందు. అది మొదలుపెట్టబోయేవాళ్లు అన్నిటికన్నా ముందు మనసులో పెట్టుకోవాల్సింది ఒకటుంది. మొదటి రోజు ఇచ్చే డోసు సరిపోదు. సరిపోకూడదు కూడా. ఈ మాట డాక్టర్ గారు చెప్పారు, సిస్టర్ చెప్పింది, చేతిలో పెట్టిన కాగితం మీదా అచ్చేసి ఉంది. అయినా ఆ రాత్రి ఎముకలు లాగేస్తూ పక్కమీద దొర్లుతున్నప్పుడు అవేవీ గుర్తుకు రావు. "ఇంత దూరం వచ్చి ఇదా" అన్న కోపమే మిగులుతుంది. చేరిన కొత్తలోనే మానేసి వెళ్లిపోయేవాళ్లలో నేను చూసినంతవరకు చాలామంది ఆ కోపంతోనే వెళ్లారు. అందుకే ఏ రోజు ఎలా ఉంటుందో, ఎందుకలా ఉంటుందో వరసగా రాస్తున్నాను.

నేను చేరింది షరతులు తక్కువగా ఉండే క్లినిక్‌లో. ముందే వాడకం మానేసి రమ్మనరు. కౌన్సెలింగ్‌కి కూర్చుంటేనే మందు అనే మెలిక ఉండదు, కావాలంటే కూర్చోవచ్చు. మూత్ర పరీక్షలో హెరాయిన్ కనబడితే పేరు కొట్టేయరు. పొద్దున్నే వెళ్తే మామూలుగా ఆ రోజే మొదటి డోసు పడుతుంది, వారాల తరబడి వెయిటింగ్ లిస్టు ఉండదు. కానీ షరతులు తక్కువ అంటే చూసీచూడనట్టు పోతారని కాదు. కాగితాల విషయంలో ఎంత పట్టువిడుపుగా ఉంటారో, మనిషి మగతగా ఉన్నాడా లేదా అన్న విషయంలో అంత కచ్చితంగా ఉంటారు. ఈ రెండోది చాలామందికి నచ్చదు. నాకైతే మొత్తం పద్ధతిలో బాగా నచ్చింది అదే.

మొదటి రోజుకి సగం పూటైనా కేటాయించుకోండి. లోపల డాక్టర్‌తో గడిపేది తక్కువ, బయట కూర్చునేదే ఎక్కువ. నీళ్ల సీసా, ఏదైనా తినడానికి, ఒక మందపాటి చొక్కా పట్టుకెళ్లండి. విత్‌డ్రాయల్ (వాడకం ఆగితే ఒంట్లో పుట్టే బాధలు) మొదలైతే మండుటెండలో కూడా చలి పుడుతుంది. వాడుతున్న మాత్రలు ఏవైనా ఉంటే స్ట్రిప్పులతో సహా తీసుకెళ్లాలి. పేరు నోటితో చెప్పడం కన్నా స్ట్రిప్పు చూపించడం మేలు.

ఇదే చికిత్సకి వాడే ఇంకో మందు బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టాలంటే విత్‌డ్రాయల్ బాగా ముదిరేదాకా ఆగాలి. తొందరపడి వేసుకుంటే ఆ మాత్రే విత్‌డ్రాయల్‌ని ఒక్కసారిగా తెచ్చిపెడుతుంది. మెథడోన్‌తో ఆ బెడద లేదు. ఒంట్లో హెరాయిన్ కొంచెం మిగిలున్నా అది గొడవ చేయదు. అయినా కాస్త ఆవులింతలు, ముక్కు కారడం మొదలయ్యాక వెళ్లడమే మంచిది. ఎందుకంటే నిజంగా అలవాటు ఉందని, ప్రస్తుతం మత్తులో లేమని వాళ్లకి కళ్లారా కనబడాలి. పూర్తిగా మత్తులో వెళ్తే డోసు వాయిదా పడుతుంది, అంతకుమించి తిట్టేదేమీ ఉండదు.

లోపల అడిగేవి ఇవి: ఏం వాడుతున్నారు, పీలుస్తున్నారా సూదితోనా, రోజుకి ఎన్నిసార్లు, ఆఖరిసారి ఎప్పుడు. తాగుడుందా, నిద్రమాత్రలున్నాయా. ఎప్పుడైనా ఓవర్‌డోస్ అయిందా. గుండె దడ, ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి మీకు గానీ ఇంట్లోవాళ్లకి గానీ ఉన్నాయా. ఆడవాళ్లని గర్భం గురించి అడుగుతారు. వాడకం ఎక్కువ చేసి చెబితే డోసు ఎక్కువ వస్తుందని ఒక నమ్మకం ఉంది. రాదు. మొదటి రోజు గరిష్ఠ పరిమితి ఎవరికైనా ఇంచుమించు ఒకటే. నిద్రమాత్రల సంగతి మాత్రం దాచకండి. అల్‌ప్రజోలం, డయాజెపామ్ లాంటివి మెథడోన్‌తో కలిస్తేనే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. చెబితే మందు ఇవ్వరని భయపడతారు గానీ, చెబితే తక్కువ డోసుతో మొదలుపెట్టి ఎక్కువసేపు కనిపెట్టి చూస్తారు.

తర్వాత మూత్ర పరీక్ష. ఇక్కడొక తిరకాసు ఉంది. మామూలు ఓపియేట్ పరీక్ష స్ట్రిప్పు హెరాయిన్, మార్ఫిన్, కోడీన్‌లను పట్టుకుంటుంది గానీ ల్యాబ్‌లో తయారయ్యే మత్తుమందు ఫెంటనిల్‌ని, నొప్పి మాత్ర ట్రమడాల్‌ని పట్టుకోదు. వాటికి వేరే స్ట్రిప్పులుంటాయి. ఫెంటనిల్ మాత్రమే వాడే మనిషికి "నెగెటివ్" అని వచ్చి, "మీకు అలవాటే లేదేమో" అన్న అనుమానం రావడం ఈ కారణంగానే. అలా వస్తే కంగారు పడక, ఏ స్ట్రిప్పు వాడారని అడగండి.

ఆ తర్వాత విత్‌డ్రాయల్ ఎంత ఉందో మార్కులు వేస్తారు. కౌస్ అనే పట్టిక, అందులో 11 అంశాలు. సిస్టర్ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టింది. చేతులు చాపమని వేళ్ల చివర్లు వణుకుతున్నాయేమో చూసింది. కిటికీ వైపు తిప్పి కంటిపాపలు చూసింది. ముంజేతి మీద అరచేత్తో నిమిరి రోమాలు నిక్కబొడుచుకున్నాయో లేదో తడిమింది. మాట్లాడుతున్నంతసేపూ నేను ఎన్నిసార్లు ఆవులించానో మనసులో లెక్కేసుకుందని కాగితం మీద అంకె వేసేదాకా నాకు తెలియనే తెలియదు. 5 నుంచి 12 దాకా తక్కువ, 13 నుంచి 24 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. అన్నేళ్లుగా అందరి దగ్గరా దాచిన దాన్ని ఒక మనిషి మొహం చిట్లించకుండా అంకెల్లో రాసుకుంటుంటే కలిగే ఉపశమనం వేరు. సిగ్గు మాత్రం ఆ రోజుతో పోదు. అది కౌంటర్ దగ్గర మళ్లీ వస్తుంది.

మొదటి డోసు మామూలుగా 20 నుంచి 30 మిల్లీగ్రాములు. తాగుడు, నిద్రమాత్రలు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నా, జైలు నుంచో ఆసుపత్రి నుంచో వచ్చి ఈమధ్య వాడకంలో విరామం పడి ఉన్నా 10 నుంచి 20తో మొదలుపెడతారు. నాకు ముందు 20 ఇచ్చి, మూడు గంటలు అక్కడే కూర్చోబెట్టి, మగత రాలేదని చూసుకుని మరో 10 ఇచ్చారు. ఆ మూడు గంటలు ఊరికే పెట్టలేదు. తాగిన అరగంట నుంచి గంటలో మందు పని మొదలుపెడుతుంది, కానీ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరేది 2 నుంచి 4 గంటల మధ్యలో. తాగి పది నిమిషాలకి "నాకేం కాలేదు" అనడంలో అర్థం లేదు.

సాయంత్రానికి ముక్కు కారడం ఆగింది, కడుపులో మెలిపెట్టడం తగ్గింది. తెల్లవారుజామున మళ్లీ అన్నీ వచ్చాయి. ఇది ఇలాగే జరుగుతుంది. ఒంట్లో చేరిన మెథడోన్‌లో సగం కరిగిపోవడానికి సగటున 24 నుంచి 36 గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఇందులో చాలా తేడా ఉంటుంది. 24 గంటలనే అనుకుని లెక్కేద్దాం. మొదటి రోజు 30 తాగారు. రెండో రోజు కౌంటర్‌కి వచ్చేసరికి అందులో 15 మిగిలింది, దానిమీద మళ్లీ 30 పడితే 45. మూడో రోజుకి 52, నాలుగో రోజుకి 56, అలా దాదాపు 60 దగ్గర నిలబడుతుంది. సగం నీళ్లున్న బిందెలోనే రోజూ అదే చెంబుడు పోస్తున్నట్టన్నమాట. కాగితం మీద రాసిన డోసు మారలేదు, ఒంట్లో ఉన్న మందు మాత్రం రెట్టింపయింది.

ఈ లెక్క ఒక్కటి ఒంటబడితే మిగతావన్నీ అర్థమవుతాయి. మొదటి రాత్రి చాలని డోసే నాలుగో రోజుకి కాస్త పట్టు ఇస్తుంది. అందుకే డోసు రోజూ పెంచరు. మెథడోన్ మరణాలు చికిత్స మొదటి రెండు వారాల్లోనే ఎక్కువగా జరగడానికీ కారణం ఇదే. మొదటి రోజు చాల్లేదని బయట ఇంకో డోసు కొనుక్కుని తాగినవాడికి ఆ రోజు ఏమీ కాకపోవచ్చు, మూడో రాత్రి నిద్రలో ఊపిరి మందగిస్తుంది. మెథడోన్ హాయినిచ్చే సమయం కన్నా ఊపిరిని అణిచే సమయం ఎక్కువ. హాయి తగ్గింది కదా అని ఇంకాస్త తాగడం ప్రాణాంతకమయ్యేది ఇందుకే.

ఇంట్లోవాళ్లకి ఇది ముందే చెప్పి ఉంచాలి. గట్టిగా, ఆగి ఆగి వచ్చే గురకని "పాపం, ఇన్నాళ్లకి నిద్ర పట్టింది" అనుకుని వదిలేస్తారు. పిలిచినా, భుజం కుదిపినా లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా అంబులెన్స్‌కి ఫోన్ చేసి నలోక్సోన్ (ఓవర్‌డోస్‌కి విరుగుడు మందు) ఇవ్వాలి. చేరిన రోజే నలోక్సోన్ కిట్ అడిగి తీసుకోండి, ముక్కులో కొట్టే స్ప్రే అయితే ఎవరైనా వాడగలరు. అది ఇచ్చాక మనిషి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. నలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలు. మెథడోన్ ఒంట్లో రోజంతా ఉంటుంది. స్ప్రే ప్రభావం తగ్గగానే మనిషి మళ్లీ మత్తులోకి జారిపోవచ్చు.

ఇక రోజూ కౌంటర్ దగ్గర జరిగే తతంగం. పేరు, పుట్టిన తేదీ చెప్పాలి. మొదటి రోజు తీసిన ఫొటో స్క్రీన్ మీద వస్తుంది. ఫొటో తీశారని కొందరు జంకుతారు గానీ, ఒకరి డోసు ఇంకొకరికి పోకుండా కాపాడేది అదే. డోసు ఎంతో పైకి చెప్పాలి: "ముప్పై." కౌంటర్ మనిషి మన కళ్లముందే పంపు నొక్కి కప్పులోకి దించి, అందులో నీళ్లు కలిపి ఇస్తుంది. చేదుగా, గొంతులో కాస్త మండుతున్నట్టు ఉంటుంది. తాగాక అదే కప్పులో మళ్లీ కాసిని నీళ్లు పోసి తాగమంటుంది, అంచున మిగిలింది కూడా లోపలికి పోవడానికి. తర్వాత ఏదో ఒకటి మాట్లాడిస్తుంది. "నిద్ర ఎలా పట్టింది?" అన్న ఆ ప్రశ్నలో రెండు పనులున్నాయి. నిజంగానే నిద్ర గురించి తెలుసుకోవడం ఒకటి, నోట్లో మందు దాచుకోలేదని చూసుకోవడం రెండోది. ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోతుంది. వరసలో నిలబడటమే విసుగు. పొద్దున తలుపులు తీసిన వెంటనే, మూసేముందు జనం ఎక్కువ. నడిమధ్యలో వెళ్తే తొందరగా బయటపడతారు.

డోసు గురించి మాట్లాడేటప్పుడు ఎప్పుడూ మిల్లీగ్రాముల్లోనే మాట్లాడండి, మిల్లీలీటర్లలో వద్దు. సిరప్ కొన్నిచోట్ల ఒక మిల్లీలీటర్‌కి 1 మిల్లీగ్రాము ఉంటుంది, కొన్నిచోట్ల 5, ఇంకొన్నిచోట్ల 10. అదే 30 మిల్లీగ్రాములు ఒకచోట 30 మిల్లీలీటర్లు, మరోచోట 6, ఇంకోచోట 3. సరఫరా మారి చిక్కటి సిరప్ వచ్చిన రోజు కప్పు అడుగున చెంచాడు కనబడగానే "నా డోసు కోసేశారు" అని వరసంతా గొడవ పడటం మామూలే. తలకిందులైతే ఇంకా ప్రమాదం. 30 మిల్లీలీటర్లకి అలవాటుపడ్డ మనిషి వేరేచోట అంతే కొలత అడిగి తాగితే పది రెట్ల మందు లోపలికి పోవచ్చు.

తాగాక వాంతి అయితే? అది కౌంటర్ వాళ్లు చూశారా లేదా అన్నదాని మీద చాలావరకు ఆధారపడుతుంది. ఎక్కువచోట్ల పావుగంటలోపు వాళ్ల కళ్లముందు వాంతి అయితే డోసు మళ్లీ ఇచ్చే అవకాశం ఉంటుంది, అరగంట దాటితే ఇవ్వరు, మధ్యలో అయితే కొంత భాగం ఇస్తారు. ఇంటికెళ్లాక అయిందంటే మామూలుగా ఇవ్వరు. అబద్ధమని అనుమానించి కాదు. ఎంత లోపలే ఉండిపోయిందో ఎవరూ చెప్పలేరు కాబట్టి. కడుపులో తిప్పే తత్వం ఉంటే ఖాళీ కడుపుతో వెళ్లకండి, తాగాక పావుగంట అక్కడే కూర్చోండి.

డోసు పెంచడం 3 నుంచి 5 రోజులకోసారి, 5 లేదా 10 మిల్లీగ్రాముల చొప్పున జరుగుతుంది. నాలుగు రోజులకోసారి పదేసి పెంచినా 30 నుంచి 80కి చేరడానికి 20 రోజులు పడుతుంది. ఎక్కువమందికి కుదిరే డోసు 60 నుంచి 120 మధ్యలో ఉంటుంది, ఫెంటనిల్ అలవాటున్నవాళ్లకి ఇంకా పైకి వెళ్లాల్సి రావచ్చు. 40 దగ్గర ఆగిపోయి "తక్కువ డోసు మీద ఉన్నాను" అని గర్వపడేవాళ్లున్నారు. అందులో గొప్పేం లేదు. 60 కన్నా తక్కువ మీద ఉండేవాళ్లు మధ్యలో మానేసే అవకాశమూ, బయట వాడే అవకాశమూ ఎక్కువని చాలాకాలంగా తెలిసిన విషయమే. చలి, విరేచనాలు ఆగడానికి తక్కువ డోసు చాలు. సరుకు మీద ధ్యాస తగ్గడానికి, వాడినా కిక్కు తెలియకపోవడానికి అంతకన్నా ఎక్కువ కావాలి.

పెంచాలో వద్దో తేల్చడానికి డాక్టర్ అడిగే ప్రశ్నలు రెండే: తాగిన మూడు గంటలకి ఎలా ఉంది, మర్నాడు తాగబోయే ముందు ఎలా ఉంది. ఈ రెండిటినీ రోజూ ఫోన్‌లో ఒక్క ముక్క రాసిపెట్టుకోండి. మూడు గంటలకి మగత లేదు, తెల్లవారుజామున ఒళ్లు నొప్పులు, చెమటలు ఉన్నాయంటే పెంచడం తేలిక. మూడు గంటలకి జోగుతూ, తెల్లారేసరికి విత్‌డ్రాయల్‌తో లేస్తుంటే పెంచితే ప్రమాదం. మందు ఒంట్లోంచి తొందరగా పోతోందని అర్థం. అలాంటివాళ్లకి తాగేముందు ఒకసారి, తాగాక ఒకసారి రక్తం తీసి మందు స్థాయి చూసి, రోజు డోసుని రెండుగా విడగొట్టి ఇస్తారు. గర్భిణులకి చివరి నెలల్లో ఇలా విడగొట్టాల్సి రావడం మామూలే. "ఇంకా బాగోలేదు" అని మాత్రం చెప్పి ఊరుకుంటే డాక్టర్ ఏ నిర్ణయమూ తీసుకోలేరు.

డోసు కుదిరేదాకా చాలామంది మధ్యమధ్యలో బయట వాడతారు. షరతులు తక్కువున్న చోట ఇది దాచాల్సిన పని లేదు, నిజం చెప్పినందుకు శిక్ష ఉండదు. పైగా ఎప్పుడు వాడాలనిపించింది, ఎంత వాడారు అన్నది తెలిస్తేనే డోసు సరిచేయగలరు. క్లినిక్ వాళ్లు నాతో సూటిగా అన్న మాట ఇది: "వాడతారని మాకు తెలుసు. వాడితే ఎప్పుడూ వాడేదానికన్నా తక్కువ వాడండి, ఒంటరిగా వాడకండి, నిద్రమాత్రలూ తాగుడూ దానికి కలపకండి." అలా అనే చోటు దొరికింది కాబట్టే నేను రెండో వారం కూడా వెళ్లగలిగాను.

అయితే మగతగా వెళ్లినరోజు డోసు ఇవ్వరు. గంటో రెండు గంటలో కూర్చోబెట్టి మళ్లీ చూస్తారు, అప్పటికీ తేరుకోకపోతే తగ్గించి ఇస్తారు లేదా రేపు రమ్మంటారు. వరసలో అరుపులు, కేకలు ఎక్కువగా వినబడేది ఈ విషయం మీదే. అవమానంగానే ఉంటుంది. కానీ ఆ సమయంలో కప్పు చేతిలో పెట్టే మనిషి కన్నా పెట్టని మనిషే మన మేలు కోరినట్టు.

రోజులు తప్పితే ఏమవుతుందో మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి, క్లినిక్‌ని బట్టి ఒక రోజు అటూ ఇటూ ఉంటుంది. ఒకటి రెండు రోజులు తప్పితే సాధారణంగా పాత డోసే ఇస్తారు. వరసగా మూడు నాలుగు రోజులు తప్పితే బాగా తగ్గిస్తారు, చాలాసార్లు సగానికి. ఐదు రోజులు దాటితే మళ్లీ 30 లేదా అంతకన్నా తక్కువ నుంచి మొదలు. ఇది శిక్షలా అనిపిస్తుంది, 90 మీద ఉన్న మనిషికి 30 చేతిలో పెడితే కన్నీళ్లొస్తాయి కూడా. కానీ నాలుగైదు రోజుల్లోనే ఒంటి తట్టుకునే శక్తి పడిపోతుంది. పాత 90 ఆ రోజు నిజంగానే ప్రాణం తీయగలదు. పేరు మాత్రం కొట్టేయరు. కాబట్టి తప్పిపోయానని సిగ్గుపడి ఇంకో రెండు రోజులు ఆగడం అన్నిటికన్నా నష్టం.

ఖర్చు గురించి. మందు ఖరీదు చాలాచోట్ల అసలు సమస్య కాదు. రోజూ వెళ్లిరావడమే సమస్య. ప్రయాణం, పోయిన పని గంటలు, పిల్లల్ని ఎవరికైనా అప్పజెప్పడం, పనిచేసేచోట "రోజూ ఎక్కడికి వెళ్తున్నావు" అన్న ప్రశ్నకి జవాబు వెతుక్కోవడం. చేరేముందే క్లినిక్ వేళలు, సెలవు రోజుల పద్ధతి అడగండి. పొద్దున పనికి వెళ్లేలోపు తెరిచే చోటు, దూరమైనా, పది గంటలకి తెరిచే దగ్గరి చోటు కన్నా నయం.

దుష్ప్రభావాల్లో మలబద్ధకం మొదటి రోజు నుంచే ఉంటుంది, అలవాటుపడితే పోయేది కాదు. అది వచ్చాక చూద్దాంలే అనుకోకుండా మొదటి వారంలోనే లాక్టులోజ్ లాంటిది రాయించుకోండి. నీళ్లు తాగకుండా ఉత్త పీచు పొడి మింగితే ఇంకా బిగుసుకుపోతుంది. రెండోది చెమట. చెమట పడితే డోసు చాల్లేదనుకుంటారు, అన్నివేళలా కాదు. తాగబోయే ముందు, ఆవులింతలు, చలి, నిక్కబొడుచుకున్న రోమాలతో కలిసి వచ్చే చెమట విత్‌డ్రాయల్‌ది. తాగిన తర్వాత కూడా, ఒళ్లు హాయిగా ఉన్నప్పుడే తల, మెడ తడిసిపోతుంటే అది మందు తెచ్చిన చెమట, డోసు పెంచితే ఎక్కువవుతుంది. మూడోది నోరు ఎండిపోవడం. లాలాజలం లేక పళ్లు పుచ్చిపోతాయి, చక్కెర కలిపిన సిరప్ అయితే మరీను. తాగగానే నీళ్లతో పుక్కిలించాలి, బ్రష్ మాత్రం కాసేపు ఆగి చేయాలి.

ఆడవాళ్లకి ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి. హెరాయిన్ వాడకంలో నెలసరి ఆగిపోయి ఉంటే, చికిత్సలో కుదుటపడ్డాక మళ్లీ మొదలవుతుంది. ఆ మొదటి నెలసరి కనబడేలోపే గర్భం వచ్చే వీలుంది. వస్తే భయపడి మెథడోన్ ఆపేయకూడదు, ఉన్నట్టుండి ఆపితే వచ్చే విత్‌డ్రాయలే బిడ్డకి ఎక్కువ హాని. మగవాళ్లలో కోరిక తగ్గడం, నీరసం టెస్టోస్టిరాన్ తగ్గడం వల్ల కావచ్చు, దానికి రక్తపరీక్ష ఉంది. ఇది అడగడానికి మొహమాటపడి మందే మానేసినవాళ్లున్నారు.

ఈసీజీ సంగతి. మెథడోన్ కొందరి గుండెలో క్యూటీ అనే వ్యవధిని (ఒకసారి కొట్టుకున్నాక గుండె మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం, ఈసీజీలో కనబడుతుంది) సాగదీస్తుంది. అది 500 మిల్లీసెకన్లు దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. గుండె జబ్బు చరిత్ర లేకపోతే ఈసీజీ కోసం మొదటి డోసు ఆపరు, తర్వాత తీస్తారు. డోసు 100 దాటినప్పుడు ఇంకోసారి తీయించుకోవడం మంచిది. ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోతే "నీరసంలే" అనుకోకండి.

వేరే జబ్బుకి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మెథడోన్ మీద ఉన్నామని చెప్పకపోవడం వల్ల వచ్చే చిక్కులు అన్నీ ఇన్నీ కావు. క్షయకి వాడే రిఫాంపిసిన్ మెథడోన్‌ని ఒంట్లోంచి తరిమేస్తుంది. వారం తిరిగేలోపు విత్‌డ్రాయల్ మొదలవుతుంది, డోసు బాగా పెంచాల్సి వస్తుంది. కోర్సు అయిపోయాక పెంచినదాన్ని తగ్గించడం మరిచిపోతే అదే ఓవర్‌డోస్. మూర్ఛకి వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్, హెచ్ఐవీకి వాడే ఎఫావిరెంజ్ కూడా ఈ కోవలోవే. ఫ్లూకొనజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఎదురు పనిచేస్తాయి, అదే డోసు మీద మగత ఎక్కువవుతుంది. నొప్పికి ఇచ్చే పెంటజోసిన్ ఇంజెక్షన్, తాగుడు మాన్పించడానికి ఇచ్చే నాల్‌ట్రెక్సోన్ మాత్ర అయితే నిమిషాల నుంచి గంటలోపే తీవ్రమైన విత్‌డ్రాయల్‌లోకి నెట్టేస్తాయి. ఆపరేషన్ ఉంటే మత్తు ఇచ్చే డాక్టర్‌కి తప్పక చెప్పాలి. రోజువారీ మెథడోన్ కొత్త నొప్పికి సరిపోదు. అది అలాగే ఉంచి, నొప్పికి వేరేగా మందు ఇవ్వాలి.

డోసు కుదిరాక ఒక వింత స్థితి వస్తుంది, దాన్ని ఎవరూ చెప్పరు. ఖాళీ. సరుకు వెతకడం, డబ్బు తేవడం, వాడటం, దాచడం, ఇవన్నీ రోజుని నింపేవి. అవి పోయాక మధ్యాహ్నం రెండింటికి ఏం చేయాలో తెలియదు. డోసు చాల్లేదేమో అనుకుని పెంచమని అడుగుతాం. నేనూ అడిగాను. సిస్టర్ నా రాతలు చూసి, "మూడు గంటలకీ బాగుంది, పొద్దునా బాగుంది. ఇది మందు లోటు కాదండీ," అంది. కౌన్సెలింగ్ తప్పనిసరి కాదని సంతోషించిన నేను దానికోసం వెళ్లింది ఆ తర్వాతే.

"ఒక మత్తు మాని ఇంకో మత్తు పట్టుకున్నావా" అని ఇంట్లో అంటారు. కుదిరిన డోసు మీద మత్తు ఉండదు, మామూలుగా ఉంటుంది. మాటలతో నమ్మించడం కష్టం. నెల గడిచాక వాళ్లే చూస్తారు. "ఎప్పుడు మానేస్తావు" అన్నది దాని వెనకే వస్తుంది. తొందరపడి డోసు దించుకున్నవాళ్లలో ఎక్కువమంది తిరిగి సరుకు దగ్గరికే వెళ్తారు. అప్పటికి తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి, చికిత్స వదిలిన మొదటి వారాల్లో చావులు ఎక్కువ. దించాలనుకుంటే నెలల తరబడి, కొంచెం కొంచెంగా దించాలి. 30 కిందికి వచ్చాక ఇంకా నెమ్మదిగా.

ఇంటికి తీసుకెళ్లే డోసులు ఇవ్వడం మొదలుపెట్టాక ముందు కొనాల్సింది తాళం పడే పెట్టె. ఫ్రిజ్‌లో పండ్లరసం పక్కన పెట్టినవాళ్ల కథలు ప్రతి క్లినిక్‌లోనూ ఉంటాయి. 10 మిల్లీగ్రాములు కూడా చిన్నపిల్లల ప్రాణం తీయగలదు. వేరే సీసాలోకి మార్చకండి, లేబుల్ చింపకండి, ఖాళీ సీసాలు కడిగి తిరిగి ఇచ్చేయండి.

ప్రయాణం ఉన్నా, ఆసుపత్రిలో చేరినా, అరెస్టయినా, ఇల్లు మారినా కావాల్సింది ఒకే ఒక కాగితం: ఆఖరి డోసు ఏ తేదీన, ఎన్ని మిల్లీగ్రాములు, కౌంటర్ దగ్గర తాగారా ఇంటికి ఇచ్చారా, క్లినిక్ ఫోన్ నంబరు. అది లేకపోతే ఎక్కడైనా 30 నుంచే మళ్లీ మొదలుపెడతారు. దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, నమ్మకమైన ఒక మనిషికి కూడా పంపి ఉంచండి. విదేశానికి వెళ్లేముందు ఆ దేశంలో మెథడోన్ చెల్లుతుందో లేదో కనుక్కోండి. రష్యాలో అది పూర్తిగా నిషేధం, డాక్టర్ చీటీ ఉన్నా పనికిరాదు. మిగతాచోట్ల కూడా ముందస్తు అనుమతికి సమయం పడుతుంది కాబట్టి టికెట్ కొన్నాక కాకుండా కొనకముందే అడగండి.